చూడని సెషన్‌కు సూపర్‌వైజర్ సంతకం చేయవచ్చా?

ప్రశ్న: కూకట్‌పల్లిలోని ఒక పిల్లల థెరపీ కేంద్రంలో బిహేవియర్ థెరపిస్టులకు సూపర్‌వైజర్‌గా పనిచేస్తున్నాను. స్పెషల్ ఎడ్యుకేషన్ చదివి, భారత పునరావాస మండలిలో (వైకల్యం ఉన్నవారికి సేవలందించే నిపుణులను నమోదు చేసే ఆర్‌సీఐ) నమోదయ్యాను. మా థెరపిస్టుల్లో కొందరు కొద్ది వారాల కోర్సు మాత్రమే చేశారు. నేను గదిలో లేని సెషన్ల నోట్స్ మీద కూడా సంతకం పెట్టమని యజమాని ఒత్తిడి చేస్తున్నారు. ఈ మధ్య ఒక థెరపిస్టు ఆటిజం ఉన్న బాబును కుర్చీలోంచి లేవకుండా గట్టిగా పట్టుకోవడంతో చేయి కమిలింది. ఆ సంగతి తల్లిదండ్రులకు చెప్పవద్దని యజమాని అన్నారు. రేపు కేసు అయితే నా మీదికి కూడా వస్తుందా? (ఒక పాఠకురాలు)

జవాబు: థెరపిస్టు చేసిన ప్రతి తప్పుకూ సూపర్‌వైజర్ నేరస్థురాలు కారు. అయితే చూడనిదాన్ని చూసినట్టు ధ్రువీకరించడం, తెలిసిన దెబ్బను దాచడం ఎవరో చేసినవి కావు, మీ సొంత చర్యలవుతాయి. వాటికి మీరే జవాబు చెప్పుకోవాలి.

ముందుగా సంతకం సంగతి. సెషన్ నోట్స్ కింద సూపర్‌వైజర్ సంతకం ఉంటే, పర్యవేక్షణ జరిగిందనే నమ్మకంతోనే తల్లిదండ్రులు ఫీజు కడతారు. అది అబద్ధమని తేలితే 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టం కింద సేవాలోపానికి ఆ కాగితమే సాక్ష్యం అవుతుంది. మోసపుచ్చే ఉద్దేశం రుజువైతే వ్యవహారం క్రిమినల్ కేసు దాకా వెళ్తుంది. అందువల్ల చూడని సెషన్ విషయంలో ‘నోట్స్ చదివాను, సెషన్‌ను స్వయంగా చూడలేదు’ అని రాసి, తేదీ వేసి సంతకం చేయండి. అందుకు యజమాని ఒప్పుకోకపోతే అసలు సంతకమే చేయకండి. నెలలో సేవలందించిన గంటల్లో కనీసం 5 శాతం పర్యవేక్షణ ఉండాలని మన కేంద్రాలు చెప్పుకునే నియమం అమెరికాలోని బిహేవియర్ అనలిస్ట్ సర్టిఫికేషన్ బోర్డు తన దగ్గర నమోదైన టెక్నీషియన్లకు (పర్యవేక్షణలో పిల్లలకు థెరపీ చేసేవారికి) పెట్టుకున్నది, మన చట్టం కాదు. అయినా మీ కేంద్రం కరపత్రంలో అంతర్జాతీయ ప్రమాణాల పర్యవేక్షణ అని వేసుకుని ఉంటే, ఆ మాట ఎందుకు నిలబెట్టుకోలేదని వినియోగదారుల కమిషన్ అడగవచ్చు.

అర్హతల విషయానికి వస్తే, 1992 నాటి పునరావాస మండలి చట్టంలోని నిపుణుల జాబితాలో బిహేవియర్ థెరపిస్టు అనే ప్రత్యేక వర్గం లేదు. కానీ స్పెషల్ ఎడ్యుకేటర్, క్లినికల్ సైకాలజిస్టు వంటి నిపుణులుగా పనిచేయడానికి కేంద్ర రిజిస్టరులో నమోదు తప్పనిసరి. 13వ సెక్షన్ ప్రకారం ఉల్లంఘనకు ఏడాది వరకు జైలు, వెయ్యి రూపాయల వరకు జరిమానా లేదా రెండూ పడవచ్చు. కాబట్టి నమోదు లేనివారిని ఆ పేర్లతో తల్లిదండ్రులకు పరిచయం చేయనివ్వకండి.

నన్ను ఎక్కువగా కలవరపెట్టింది బాబు చేయి కమలడం. తనకేం జరిగిందో ఇంట్లో చెప్పుకోలేని పిల్లవాడి విషయంలో పెద్దలు మౌనం పాటిస్తే, మళ్లీ అదే గదికి, అదే చేతుల్లోకి పంపినట్టే. జువెనైల్ జస్టిస్ చట్టం 75వ సెక్షన్ ప్రకారం, పిల్లలను తన సంరక్షణలో ఉంచుకుని కొట్టినా, హింసించినా, కావాలని నిర్లక్ష్యం చేసినా మూడేళ్ల వరకు జైలు ఉంటుంది. పిల్లల సంరక్షణ అప్పగించిన సంస్థలో పనిచేసేవారికి, దాన్ని నడిపేవారికి అయిదేళ్ల కఠిన కారాగారం, అయిదు లక్షల జరిమానా వరకు పడవచ్చు. పిల్లవాడు తన తల గోడకేసి కొట్టుకుంటుంటే క్షణం ఆపడం వేరు, పని చేయించడానికి అదిమి పట్టడం వేరు. మీ సంఘటన ఏ కోవకు చెందుతుందో ఆ రోజే రాసిన నివేదిక తేల్చాలి. అది లేకుంటే జ్ఞాపకం ఉన్నంత మేరకు ఇప్పుడే, నేటి తేదీతోనే రాయండి, పాత తేదీ వేయకండి. తల్లిదండ్రులకు చెప్పాలని యజమానికి ఈమెయిల్ పంపి, స్పందన లేకపోతే మీరే చెప్పండి. దెబ్బ విషయం తెలుసుకునే హక్కు వారికి ఉంది, ఏ ఉద్యోగ ఒప్పందమూ దాన్ని తీసివేయలేదు.

లైంగిక వేధింపు జరిగిందన్న అనుమానం ఏ పిల్లల విషయంలో వచ్చినా యజమాని అనుమతి కోసం ఆగకూడదు. పోక్సో చట్టం 19వ సెక్షన్ ప్రకారం పోలీసులకు తెలపడం తప్పనిసరి. తన కింది ఉద్యోగి నేరాన్ని తెలపని సంస్థ బాధ్యుడికి 21వ సెక్షన్ ఏడాది వరకు జైలు విధిస్తుంది. పిల్లల సహాయవాణి 1098కి ఫోన్ చేసినా వెంటనే సహాయం అందుతుంది, కానీ పోలీసులకు తెలపడం మానకండి.

ఇలా చేసినందుకు ఉద్యోగం పోతుందనే భయం సహజమే. నియామక పత్రం, ఈమెయిళ్లు మీ దగ్గర భద్రపరచుకుని, తొలగిస్తే కారణం రాతపూర్వకంగా అడగండి. పిల్లల ఫైళ్లు, వీడియోలు మాత్రం మీ సొంత ఫోన్‌లోకి ఎక్కించుకోకండి, వాట్సాప్‌లో ఎవరికీ పంపకండి. అవసరమైతే కోర్టు ద్వారానో కమిషన్ ద్వారానో వాటిని కేంద్రం నుంచి తెప్పించవచ్చు.