మాజీ సైనికుడి జీవితాన్ని రాయబోతున్న మనవరాలికి

సైనిక్‌పురి, సికింద్రాబాద్

చిరంజీవి మనవరాలికి తాతయ్య ఆశీస్సులు.

మీ వీధిలోని సుబేదారు గారి జీవితాన్ని రాసిపెట్టాలని సంకల్పించావని, ఎక్కడ మొదలుపెట్టాలో చెప్పమని అడుగుతూ నీవు రాసిన ఉత్తరం అందింది. సైన్యానికి ఆయుధాలు, సామగ్రి అందించే ఆర్డ్‌నెన్స్ కోర్‌లో (కోర్ అంటే సైన్యంలోని ఒక విభాగం) క్లర్కుగా చేరి, కాగితాల మధ్యనే ఉద్యోగం ముగించి, ఆ తరువాత తిరుమలగిరి, యాప్రాల్ చుట్టుపక్కల మాజీ సైనికుల వివరాలు పోగుచేస్తూ వచ్చినవాణ్ణి కనుక నాకు తెలిసిన పద్ధతి చెబుతాను. ముందుగా, "దేశం కోసం ప్రాణాలకు తెగించిన వీరుడు" అంటూ మొదలుపెట్టకు. అందులో ఆయన పేరు తీసి మరొకరి పేరు పెట్టినా ఎవరికీ తేడా తెలియదు. ఆయన ఆర్మీ నెంబరు, యూనిట్, ఏ సంవత్సరం ఎక్కడ ఉన్నారన్నది, ఈ మూడూ నోటుపుస్తకం మొదటి పేజీలో ఉండాలి.

వాటికి ఆధారం డిశ్చార్జి బుక్, అంటే సైన్యం నుంచి విరమించేటప్పుడు ఇచ్చే సేవా వివరాల పుస్తకం. చేరిన తేదీ, ట్రేడు (ఏ పనికి తీసుకున్నారన్నది), పతకాలు, విరమించిన కారణం, చివరికి నడవడి ఎలా ఉండేదన్న పైఅధికారి మాట కూడా అందులో ఉంటాయి. అది పోయిందంటే పింఛను కాగితం అడుగు, దాని మీదా నెంబరు ఉంటుంది. నెంబరు దొరికితే ఆయన కోర్‌కు చెందిన రికార్డ్స్ ఆఫీసుకు ఉత్తరం రాయవచ్చు. గోల్కొండలో ఆర్టిలరీ సెంటర్ ఉంది కదా అని ఫిరంగిదళం వారి కాగితాలు కూడా అక్కడే ఉంటాయని చాలామంది అనుకుంటారు, కానీ ఆ రికార్డులు నాసిక్ రోడ్‌లో ఉంటాయి. సమాచార సంబంధాలు చూసే సిగ్నల్స్ వారివి జబల్‌పూర్‌లో, ఇంజనీరింగ్ దళమైన మద్రాస్ సాపర్స్‌వి బెంగళూరులో, మా ఆర్డ్‌నెన్స్ వారివీ, వాహనాలు, యంత్రాలు మరమ్మతు చేసే ఈఎంఈ వారివీ ఇక్కడే సికింద్రాబాద్‌లో ఉంటాయి. ఉత్తరం మీద సంతకం నీది కాకూడదు. ఆయన చేయాలి, ఆయన లేని ఇంట్లో భార్యగానీ వారసులుగానీ చేయాలి. ఎలా రాయాలో తెలియకపోతే జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయంలో చెబుతారు.

తరువాత పతకాలు చూడు. పతకాన్ని వెలుతురులో పక్కకు తిప్పి, అంచును భూతద్దంతో పరిశీలిస్తే నెంబరు, హోదా, పేరు సన్నటి అక్షరాల్లో చెక్కి ఉంటాయి. తళతళలాడాలని ఇంట్లోవారు చింతపండుతోనో పాలిష్‌తోనో ఏళ్ల తరబడి తోమితే ఆ అక్షరాలే ముందు అరిగిపోతాయి కాబట్టి, నీవు వెళ్లేముందు తోమవద్దని చెప్పిపంపు. 1971 యుద్ధంలో ఉన్నానని ఆయన అంటే పూర్వీ స్టార్ ఉందో పశ్చిమీ స్టార్ ఉందో చూడు. మొదటిది బంగ్లాదేశ్ వైపు, రెండవది పాకిస్తాన్ సరిహద్దు వైపు పనిచేసినవారికి ఇచ్చారు. సంగ్రామ్ మెడల్ అంతకంటే విశాలమైన ప్రాంతంలో సేవచేసినవారికి కూడా వచ్చింది కనుక అదొక్కటే చూసి ఆయన ముందువరసలో ఉన్నారని రాసేయకు. పాత ఉత్తరాలు దొరికితే ఊరి పేరు కోసం వెతకవద్దు. చిరునామాలో యూనిట్ పేరు, కింద 56 ఏపీఓ లేదా 99 ఏపీఓ (ఆర్మీ పోస్టాఫీసు) అని మాత్రమే ఉంటుంది. ఎక్కడున్నదీ బయటపడకూడదనే ఆ ఏర్పాటు.

నీవు రేపు మరో ఇంటికి వెళితే మన నగరానికే ప్రత్యేకమైన ఒక చిక్కు ఎదురవుతుంది. తమ తాతగారు హైదరాబాద్ రెజిమెంట్‌లో చేశారని కొన్ని కుటుంబాలవారు చెబుతారు. బ్రిటిషు భారత సైన్యంలోని 19వ హైదరాబాద్ రెజిమెంట్ 1945లో కుమావూన్ రెజిమెంట్ అయింది. దాని కేంద్రం ఇప్పుడు రాణీఖేత్‌లో ఉంది. నిజాం సంస్థానపు సొంత సైన్యం వేరు. 1941 డిసెంబరులో జపాను సేనలు మలయాలోని కోటబారులో దిగినప్పుడు అక్కడి విమానాశ్రయం దగ్గర ఉన్న 1వ హైదరాబాద్ ఇన్‌ఫాంట్రీ ఈ సంస్థాన సైన్యానిది. సంస్థానపు దస్తావేజులు తార్నాకలోని రాష్ట్ర ఆర్కైవ్స్‌లో ఉన్నాయి. ఉర్దూ, ఫార్సీ (పర్షియన్) చదవగలిగినవారిని వెంటబెట్టుకు వెళ్లు. ప్రపంచ యుద్ధాల్లో మరణించినవారైతే కామన్‌వెల్త్ వార్ గ్రేవ్స్ కమిషన్ జాబితాలో వెతుకు. అందులో చాలామంది భారతీయుల తండ్రి పేరు, ఊరు కూడా ఉంటాయి, కాకపోతే తెలుగు పేర్ల ఇంగ్లీషు స్పెల్లింగులు రకరకాలుగా ఉంటాయి కనుక నాలుగైదు విధాలుగా వెతకాలి.

ఇంట్లో చెప్పుకునే కథలకూ ఇదే జాగ్రత్త కావాలి. ఢిల్లీలో తీన్‌మూర్తి అనే మూడు సైనికుల విగ్రహాల్లో ఒకటి హైదరాబాద్ లాన్సర్లది, అంటే ఈటెలు పట్టిన గుర్రపుదళానిది. అయితే మొదటి ప్రపంచ యుద్ధంలో, 1918 సెప్టెంబరు 23న ఇప్పటి ఇజ్రాయెల్‌లోని హైఫా మీదికి గుర్రాలతో దూకినవి జోధ్‌పూర్, మైసూర్ దళాలు. ముత్తాత హైఫాలో ఈటె పట్టి దూకాడని హైదరాబాద్ లాన్సరు మనవడు ఎవరైనా చెబితే ఆయనతో వాదించకు. "కుటుంబంలో ఇలా చెప్పుకుంటారు" అని రాసి, రికార్డు చెప్పేది దాని పక్కనే రాయి.

సుబేదారు గారితో మాట్లాడేటప్పుడు ఎంతమందిని చంపారని అడగవద్దు. బడిపిల్లలు అడిగితే ఆయన నవ్వి ఊరుకుంటారేమో, నీవు అడిగితే మాట ఆగిపోతుంది. అన్నం తిని పెరిగిన మనిషి శిక్షణలో రొట్టెలకు ఎలా అలవాటుపడ్డారో, హిందీ ఎవరి దగ్గర నేర్చుకున్నారో, సెలవు దొరక్క ఏ పెళ్లికి రాలేకపోయారో అడుగు. ఆమె ఒప్పుకుంటే భార్యను విడిగా అడుగు. ఆ ఏళ్లలో ఇల్లు నడిపింది ఆవిడే. స్టోర్‌లో బూట్లు, తూటాలు లెక్కపెట్టి పంపినవాడి సేవ తక్కువన్నట్టు రాస్తే మాత్రం నాకు కోపం వస్తుంది; ఇది మా కోర్ పక్షపాతం అనుకున్నా సరే. 1987 నుంచి 1990 వరకు శ్రీలంకలో మన శాంతిసేనలో పనిచేసి వచ్చినవారు కనబడితే వారి మాట ముందు రాసుకో. అక్కడ దాదాపు 1,200 మంది మన సైనికులు మరణించారు, అయినా సభల్లో వారి ప్రస్తావన అరుదు.

రాసినదంతా ఆయనకు చదివి వినిపించి, తీసేయమన్నది తీసేయి. ఒక ప్రతి కుటుంబానికి, ఒకటి ఆయన చదివిన బడికి ఇవ్వు. జనవరి 14న మాజీ సైనికుల దినం వస్తుంది, కానీ భోగి, సంక్రాంతి సందడిలో అందరూ ఊళ్లకు వెళ్లిపోతారు కనుక కాలనీలో చదివి వినిపించాలనుకుంటే డిసెంబరు 16, 1971 యుద్ధ విజయాన్ని తలచుకునే విజయ్ దివస్ నాడు పెట్టుకోవడం మంచిది. రికార్డ్స్ ఆఫీసుకు పంపే ఉత్తరం ముసాయిదా, డిశ్చార్జి బుక్ జిరాక్సు నాకు పంపితే అందులోని సంక్షిప్త పదాలు విడమర్చి, ముసాయిదా దిద్ది తిరిగి పంపుతాను.

ఇట్లు,
ఆశీస్సులతో,
తాతయ్య