ఇల్లు గడవదండీ, టార్చిలైటు మొయ్యాలి

"కళావిమర్శకులు, కళాచరిత్రకారులు అంటారే, వాళ్లు రోజంతా ఏం చేస్తారు, దాంతో ఇల్లు గడుస్తుందా" అని అడిగారు. గడవదండీ. మా పెదమావయ్య డ్రాయింగు మేస్టారు, తిండి పెట్టింది ఆ జీతమే. శిల్పాల మీద పత్రికలకి వ్యాసాలు రాస్తే వచ్చే మనియార్డరు కెమెరా రీలుకి కూడా చాలేది కాదని అత్తయ్య ఇప్పటికీ దెప్పుద్ది.

నేను ఎనిమిదో క్లాసులో ఉండగా వేసవి సెలవల్లో సైకిలు వెనకాల ఎక్కించుకుని బిక్కవోలు తీసుకెళ్లాడు. అక్కడ చేలల్లో తూర్పు చాళుక్యుల నాటి గుళ్లున్నాయి కదా. మిట్టమధ్యాన్నం చేరాం, గబగబా చూసేసి వచ్చేద్దాం అనుకుంటే ఆయన తువ్వాలు పరిచి నీడన పడుకున్నాడు, నెత్తి మీద ఎండుంటే ఏమీ కనపడదురా అని. చీకటి పడ్డాక టార్చి నా చేతికిచ్చి గోడ వారనే పట్టుకోమన్నాడు. ఎదురుగా వేస్తే చదునుగా ఉన్న రాయే, పక్కనించి వెలుగు పడేసరికి అరిగిపోయిన నగల గీతలూ కట్టు మడతలూ పైకి లేచొచ్చేశాయి. దోమలు పీకేస్తన్నాయి, చెయ్యి కదిపితే తిట్లు. రెండు గంటలకి ఆయన రాసుకుంది నాలుగు లైన్లు.

ఇప్పుడేమో ఊరి పేరెందుకు గానీ ఒక గుళ్లో జీర్ణోద్ధారణ అని శాసనాలున్న స్తంభాలన్నిటికీ ఎనామిల్ పెయింటు కొట్టేశారు. శాసనానికి నకలు తియ్యాలంటే దాని మీద తడి కాగితం అతికించి, బ్రష్షుతో కొట్టి, సిరా అద్దితే అక్షరాలు తెల్లగా దిగుతాయి, ఆ గాడుల్లోనే రంగు పూడిపోతే ఇంకేం దింపుతారు?

పైగా విమర్శకుడంటే తప్పులు పట్టేవాడనుకుంటారు. రాజమండ్రి ఆర్ట్స్ కాలేజీ ప్రిన్సిపాలు కూల్డ్రే దొర, చిత్రకారుడు దామెర్ల రామారావు చేతిలో ఏముందో చిన్నప్పుడే కనిపెట్టబట్టే కదా ఆ కుర్రాడు బొమ్మలు నేర్చుకోడానికి బొంబాయి జేజే స్కూలుకి వెళ్లగలిగాడు. నన్నడిగితే గోదారి జిల్లాల మొదటి కళావిమర్శకుడు ఆ దొరే, ఎవరొప్పుకోకపోయినా సరే. దామెర్ల 1925లో మశూచితో పోయాడు, 28 ఏళ్లు కూడా నిండలా. బొమ్మలు రాజమండ్రి గ్యాలరీలోనే ఉన్నాయి, మనోళ్లు పుష్కరాలకొచ్చి గోదాట్లో మునిగి అటేపు చూడకుండా ఆటో ఎక్కేస్తారు.

మావయ్య పోయాక అటక మీంచి ఆ బిక్కవోలు నోటుబుక్కు దింపాను. ఆ నాలుగు లైన్ల కింద ఇంకోటుంది: "కుర్రాడు చెయ్యి కదిపాడు, మళ్లీ రావాలి."