డాక్టర్ సలహా: ఎక్సోసోమ్‌ల సంగతి తర్వాత, ముందు ఐసీటీ రక్త పరీక్ష చేయించండి

ప్రశ్న: డాక్టర్ గారూ, నా వయసు 27. ఇప్పుడు గర్భం 18వ వారం. రెండేళ్ల కిందట నాలుగో నెలలో బ్లీడింగ్ మొదలైతే మెడికల్ షాపులో మాత్రలు తెచ్చి వేసుకున్నాను. మొత్తం పోయింది, హాస్పిటల్‌కు వెళ్లలేదు. తల్లి ఇమ్యూనిటీ బిడ్డను పరాయిదిగా చూస్తుందని, మాయ (ప్లసెంటా) నుంచి వచ్చే ఎక్సోసోమ్‌లు అనే సూక్ష్మమైన సంచులు దాన్ని అడ్డుకుంటాయని చదివాను. నాలో అవి తక్కువేమో తెలిసే టెస్ట్ ఉందా? ఎక్సోసోమ్ ఇంజెక్షన్లు ఇస్తామని ఒక క్లినిక్ వాళ్లు చెబుతున్నారు, తీసుకోవచ్చా? మా వదినకు అబార్షన్లు అయితే స్టెరాయిడ్ మాత్రలు రాశారు. అవే నేనూ వాడుతున్నాను. నాది బీ నెగెటివ్, మావారిది ఓ పాజిటివ్.
– ఒక సోదరి, ఖమ్మం

జవాబు: ఇంత ఉత్తరంలో నన్ను ఆపింది మీ చివరి వాక్యం. మీది నెగెటివ్, మీ వారిది పాజిటివ్. నాలుగో నెలలో గర్భం పోయింది. ఆ తర్వాత యాంటీ-డి ఇంజెక్షన్ గురించి ఒక్క మాట లేదు. పాజిటివ్ బిడ్డ రక్తానికి వ్యతిరేకంగా నెగెటివ్ తల్లి ఒంట్లో యాంటీబాడీలు తయారు కాకుండా ఇచ్చేది అది. హాస్పిటల్‌కే వెళ్లలేదంటున్నారు కాబట్టి తీసుకోలేదనే అనుకుంటున్నాను.

మీరు అడిగినదానికి క్లుప్తంగా చెబుతాను. సగం తండ్రి లక్షణాలున్న పిండాన్ని తల్లి శరీరం ఎందుకు తోసేయదని పీటర్ మెడవార్ 1953లోనే ప్రశ్నించాడు. దానికి దొరికిన జవాబుల్లో ఎక్సోసోమ్‌లు ఒకటి మాత్రమే. ఇవి 30 నుంచి 150 నానోమీటర్ల సంచులు. మాయ పై పొర కణాలు వీటిని తల్లి రక్తంలోకి వదులుతుంటాయి, నెలలు నిండేకొద్దీ ఎక్కువగా. వీటి మీద ఫాస్ లైగాండ్, పీడీ-ఎల్1 లాంటి ప్రొటీన్లుంటాయి. దాడికి సిద్ధమైన టి కణాలను (ఒక రకం తెల్ల రక్త కణాలు) అవి నెమ్మదింపజేస్తాయి, కొన్నిటిని చనిపోయేలా చేస్తాయి. ఎన్‌కే కణాలు అనే మరో రకం తెల్ల కణాలు శత్రువును పసిగట్టేది ఎన్‌కేజీ2డీ అనే గ్రాహకంతో. ఎక్సోసోమ్‌లు దానికి అతుక్కుని ఆ కణాల కళ్లకు గంతలు కడతాయి. స్వీడన్‌లోని ఉమియో యూనివర్సిటీ వాళ్లు దీన్ని ల్యాబ్‌లో చూపించారు. ఇది కాక, మాయ పై పొర కణం ఎవరిదో ఇమ్యూనిటీకి తెలిపే మామూలు హెచ్‌ఎల్‌ఏ గుర్తులను బయటికి చూపదు. ఇమ్యూనిటీని అదుపులో ఉంచే రెగ్యులేటరీ టి కణాల పాత్ర వేరే ఉంది.

మీలో అవి ఎన్ని ఉన్నాయో కొలిచి వైద్యం చేసే టెస్ట్ ఈ రోజుకు లేదు. ఇంజెక్షన్ వద్దు. గర్భిణులకు అది మంచి చేస్తుందని గానీ, కనీసం హాని చేయదని గానీ రుజువు కాలేదు. ఎక్సోసోమ్ ఉత్పత్తులు వాడిన రోగులకు తీవ్రమైన ఇబ్బందులు వచ్చాయని 2019 డిసెంబర్‌లో అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ హెచ్చరిక కూడా ఇచ్చింది.

ఇప్పుడు అసలు సంగతి. ఎక్సోసోమ్‌లు పనిచేసేది ప్రధానంగా తెల్ల రక్త కణాల మీద. తల్లి యాంటీబాడీలను మాయ ఆపదు. బిడ్డకు ఇన్ఫెక్షన్ల నుంచి రక్షణ కోసం ఐజీజీ యాంటీబాడీలను తానే లోపలికి పంపిస్తుంది. పోయిన బిడ్డది పాజిటివ్ అయి, ఆ రక్తం కొంచెం మీలో కలిసి ఉంటే, మీ ఒంట్లో దానికి వ్యతిరేకంగా యాంటీబాడీలు తయారై ఉండొచ్చు. ఈసారి బిడ్డది కూడా పాజిటివ్ అయితే అవి మాయ దాటి వెళ్లి బిడ్డ ఎర్ర కణాలను పగలగొడతాయి. రక్తహీనత వస్తుంది, ముదిరితే బిడ్డ ఒంట్లో నీరు చేరుతుంది. మీకు మాత్రం పైకి ఏమీ తెలియదు, నొప్పి కూడా ఉండదు. మీ విషయంలో ఇలాగే జరిగిందని నేననడం లేదు. చూడకుండా వదిలేయడానికి మాత్రం వీల్లేదు.

అబార్షన్ తర్వాత యాంటీ-డి 72 గంటల్లోపు పడాలి. 12 వారాల్లోపు పోతే ఇవ్వాలా వద్దా అన్న దాంట్లో మార్గదర్శకాలు ఒకేలా లేవు, నాలుగో నెలకు ఆ సందేహమే లేదు. మాత్రలు అమ్మిన షాపతను మీ బ్లడ్ గ్రూప్ అడిగి ఉండడు. అడిగే చోటికి మీరూ వెళ్లలేదు. నాలుగో నెలలో బ్లీడింగ్ అవుతుంటే ఇంట్లో మాత్రలు వేసుకోవడం ఏమిటమ్మా? ముక్కలు మిగిలి ఇన్ఫెక్షన్ వచ్చినా, రక్తం ఆగకపోయినా ప్రాణం మీదికొచ్చేది. ఓపీలో ఈ కథ మాకు కొత్త కాదు, అందుకే ఇంత కోపం.

రేపే వెళ్లి, ఆ యాంటీబాడీలు మీ రక్తంలో ఉన్నాయో లేదో చెప్పే ఇన్‌డైరెక్ట్ కూంబ్స్ టెస్ట్ చేయించండి. ల్యాబ్‌లో ఐసీటీ అంటే తెలుస్తుంది, చిన్న రక్త పరీక్షే. టెస్ట్ నెగెటివ్ వస్తే మీ డాక్టర్ 28వ వారంలో మళ్లీ చూసి యాంటీ-డి ఇస్తారు. బిడ్డ బ్లడ్ గ్రూప్ పాజిటివ్ అని తేలితే కాన్పయ్యాక 72 గంటల్లో ఇంకోటి. టెస్టే పాజిటివ్ వస్తే ఆ ఇంజెక్షన్‌తో ఉపయోగం ఉండదు. టైటర్ (యాంటీబాడీల మోతాదు) ఎంతుందో చూసి, అవసరమైతే బిడ్డ మెదడు రక్తనాళంలో డాప్లర్ (రక్తప్రవాహం చూసే స్కాన్) చేస్తారు. మరీ అవసరమైతే కడుపులో ఉండగానే బిడ్డకు రక్తం ఎక్కిస్తారు. టెన్షన్ పడకండి, కానీ కడుపులోని బిడ్డకు వైద్యం చేసే ఫీటల్ మెడిసిన్ డాక్టర్ దగ్గరికి ఆలస్యం చేయకుండా వెళ్లాలి.

స్టెరాయిడ్లు ఎన్ని రోజులుగా, ఎంత డోసులో వాడుతున్నారో రాయలేదు. వదిన గారికి ఏ కారణంతో రాశారో మీకూ నాకూ తెలియదు. గర్భంలో అవి షుగర్, బీపీ పెంచుతాయి. మూడు వారాలు దాటి వాడి ఉంటే ఉన్నట్టుండి ఆపడం కూడా ప్రమాదమే. స్ట్రిప్ చేత్తో పట్టుకెళ్లి డాక్టర్‌కు చూపించండి, ఎలా ఆపాలో చెబుతారు. బీపీ, షుగర్ కూడా చూపించుకోండి. బిడ్డ అవయవాలు చూసే టిఫా స్కాన్‌కు ఎలాగూ టైమ్ అయింది, అదే రోజు అన్నీ చేయించుకోవచ్చు. మిమ్మల్ని చూడకుండా ఇంతకన్నా చెప్పలేను.

ఆ క్లినిక్‌లో అడ్వాన్స్ కట్టి ఉంటే వెనక్కి అడగండి.