మల్లన పద్యంలో సముద్రాలు నాలుగా, ఏడా?

సందేహం: చదరంగం గళ్లలో 1, 2, 4, 8 అని రెట్టిస్తూ పోతే వచ్చే మొత్తాన్ని, తెలుగులో గణితగ్రంథం రాసిన పావులూరి మల్లన ఒక చంపకమాలలో అంకెలకు బదులు మాటలు పెట్టి (చంద్రుడంటే 1, వేదాలంటే 4 అన్నట్టు) చెప్పాడు కదా. అందులో 'అబ్ధి', 'పయోనిధి' అన్నచోట 4 వేస్తున్నారు. మనకు సప్తసముద్రాలు కాబట్టి 7 వేయాలేమో?

సమాధానం: ఇక్కడ నాలుగే. పద్యం ముందు పెట్టుకుని ఒక్కసారి లెక్క వేసి ఉంటే మీకే తేలిపోయేది. ఈ పద్యాన్ని ఫోన్లలో పంపించుకుని మన పూర్వులు ఎంత గొప్పవాళ్లో అని మురిసిపోయేవాళ్లు చాలామందే ఉన్నారు గానీ, అంకెలు వేసి సరిచూసేవాళ్లు ఏరీ?

"శర శశి షట్క చంద్ర శర సాయక రంధ్ర వియన్నగాగ్ని భూ/ధర గగనాబ్ధి వేద గిరి తర్క పయోనిధి పద్మజాస్య కుం/జర తుహినాంశు సంఖ్యకు..." కుడినుంచి ఎడమకు వేసుకుంటూ వస్తే 18446744073709551615. అంటే సుమారు లక్షా ఎనభై నాలుగు వేల కోటి కోట్లు. ఇరవై అంకెలను వరసగా పేరుస్తూ 'శర'కు 'సా'తో యతి, 'ధర'కు 'తర్క'తో యతి, ప్రాస ఎక్కడా తప్పకుండా! బాణం అనడానికి ఒకచోట శరం, ఇంకోచోట సాయకం. కొండకైతే నగం, భూధరం, గిరి. ఏ మాట ఎక్కడ ఇముడుతుందో ఆ మాటే ఎంచుకున్నాడు.

ఇక పరీక్ష. మన సంఖ్య 2ను 64 సార్లు వేసి హెచ్చించి, 1 తీసేస్తే వచ్చేది. రెట్టింపులను తొమ్మిదితో భాగిస్తూ పోండి, శేషాలు 2, 4, 8, 7, 5, 1 అని ఆరింటికోసారి తిరిగొస్తాయి. 64వ దానికి శేషం 7, ఒకటి తీస్తే 6. పద్యంలోని అంకెలన్నీ కూడితే 87, తొమ్మిదితో భాగిస్తే శేషం 6, సరిపోయింది. ఒక సముద్రాన్ని ఏడు చేస్తే మొత్తం 90, శేషం సున్న; రెండూ ఏడు చేస్తే 93, శేషం 3. మూడుతో భాగించి చూస్తే మాత్రం ఈ తప్పు దొరకదు, నాలుగుకీ ఏడుకీ తేడా మూడే కాబట్టి.

ఇది మల్లన ఒక్కడి అలవాటూ కాదు. రాజరాజనరేంద్రుని పట్టాభిషేక సంవత్సరాన్ని శాసనంలో "వేదాంబురాశినిధి" అన్నారు: 4, 4, 9, అంటే శకం 944, క్రీ.శ. 1022. అంబురాశిని ఏడు చేస్తే పట్టాభిషేకం ముప్పై ఏళ్లు ముందుకు, క్రీ.శ. 1052కు జరిగిపోతుంది.

రంధ్రాలు తొమ్మిది, తర్కాలు ఆరు, బ్రహ్మ ముఖాలు నాలుగు, దిగ్గజాలు ఎనిమిది; వీటితో పేచీ లేదు.

అలాగని సముద్రానికి ఏడు అన్న అర్థం ఎక్కడా చెల్లదని నేను అనను, వాడినవాళ్లూ ఉన్నారు. వేరే ఆధారం ఏదీ లేని శకసంఖ్య ఎదురైతే నేను ముందు నాలుగు వేసి, తిథీ వారమూ కుదరకపోతే అప్పుడు ఏడు వేసి చూస్తాను.