బొమ్మకు సూది గుచ్చుతోంది... భయపడాలా?

ప్రశ్న: మా పాపకు అయిదేళ్లు. న్యుమోనియాతో ఆరు రోజులు ఆసుపత్రిలో ఉంది. సూది వేసేటప్పుడల్లా నన్ను బయట నిలబెట్టేవారు. ఇంటికి వచ్చి రెండు వారాలైంది. దగ్గు తగ్గింది గానీ, ఎప్పుడో మానేసిన పక్క తడపడం మళ్లీ మొదలైంది. రాత్రి నన్ను వదలదు. బొమ్మను అదిమిపట్టి, పెన్సిల్‌తో గుచ్చుతూ ‘కదలకు, కదలకు’ అని గద్దిస్తోంది. వచ్చే వారం మళ్లీ చూపించాలి. ఏం చేయమంటారు?
- ఒక పాఠకురాలు

జవాబు: మీ ఉత్తరంలో నాకు ఊరటనిచ్చింది ఆ బొమ్మ ఆటే. తనకు జరిగినదాన్నే ఆడుకుంటోంది, ఈసారి సూది తన చేతిలో ఉంది. ఆపకండి. సూది లేని సిరంజి, కాస్త దూది ఇచ్చి పక్కన కూర్చోండి. ‘బొమ్మకు నొప్పేసిందా?’ అని అడిగితే తన సంగతి తనే చెబుతుంది. అల్లరి చేసినందుకే ఆసుపత్రిలో పెట్టారని అనుకునే పిల్లలు ఈ వయసులో ఉంటారు. ఆ మాట వస్తే వెంటనే కాదని చెప్పండి.

పక్క తడపడం, అమ్మను అంటిపెట్టుకుని ఉండటం సాధారణంగా కొన్ని వారాల్లో సర్దుకుంటాయి. తిట్టకండి. మూత్రంలో మంట, జ్వరం, విపరీతమైన దాహం ఉంటే మాత్రం పరీక్ష చేయించాలి. నెల దాటినా తగ్గకపోతే పిల్లల మానసిక నిపుణులకు చూపించండి.

‘కదలకు’ అన్నది పాప అక్కడ విన్న మాటే అయి ఉంటుంది. బలవంతంగా పడుకోబెట్టి పట్టుకోవడం సూది కన్నా ఎక్కువ భయపెడుతుంది. మిమ్మల్ని బయట నిలబెట్టడం నాకు నచ్చలేదు. ఆసుపత్రిలో ఉన్న పిల్లల దగ్గరికి తల్లిదండ్రులను రానివ్వాలని బ్రిటన్‌లో పిల్లల బాగోగులపై వేసిన ప్లాట్ కమిటీ 1959లోనే చెప్పింది. మా డాక్టర్ల పాత అలవాట్లు ఇంకా పూర్తిగా పోలేదు.

ఈసారి డాక్టరు కన్నా ముందు నర్సుతో మాట్లాడండి. మేం మంచం దగ్గర నిలబడేది అయిదు నిమిషాలు. రాత్రి రెండింటికి సెలైన్ చూసేది, ఏ బిడ్డ దేనికి బెదురుతుందో తెలిసినది ఆవిడే. రక్తం తీయాల్సి వస్తే పాపను మీ ఒళ్లో నిటారుగా, ఛాతీకి ఆనించి కూర్చోబెట్టుకుంటానని చెప్పండి. చర్మాన్ని మొద్దుబార్చే క్రీము ఉందేమో వెళ్లగానే అడగండి, చాలావరకు గంట ముందు రాయాలి. సబ్బు బుడగలు ఊదించే నర్సు ఒకరు నాకు తెలుసు. ఏడుస్తూ ఊదలేరు కదా! పిల్లలు బుడగ ఎక్కడ పగులుతుందా అని చూస్తుండగానే ఆవిడ పని అయిపోయేది.

‘అసలు నొప్పే ఉండదు’ అనకండి. ‘కాస్త చురుక్కుమంటుంది, నేను పట్టుకుంటాను’ అనండి. వెళ్లే సంగతి ఒకటి రెండు రోజుల ముందే చెప్పండి. బొమ్మను కూడా తీసుకెళ్లి, ముందు దాని చేయి చూడమని నర్సును అడగండి. చాలామంది కాదనరు.