భర్త మోసం చేస్తే నవ్వెందుకు వస్తుంది?

భర్త దొంగచాటు వ్యవహారం కామెడీ సినిమాల్లో నవ్వులాట ఎలా అవుతుంది, మరి భార్య సంగతేంటి అని కదా ప్రశ్న.

కథంతా భర్త వెంటే తిరుగుతుంది కాబట్టి 'దొరికిపోతాడేమో' అన్న టెన్షన్ మనకూ అంటుకుంటుంది. అతను చేసిన మోసం పక్కకు పోయి, తప్పించుకోవడమే కథవుతుంది. మన ఇద్దరు పెళ్లాల కామెడీలూ ఇంతే. ఆడవాళ్లు ఒకరి జుట్టు ఒకరు పట్టుకుంటారు, మధ్యలో మొగుడు పాపం అమాయకుడు!

1978లో బి.ఆర్. చోప్రా తీసిన హిందీ సినిమా 'పతీ పత్నీ ఔర్ వో' కాస్త నయం. ఇందులో సంజీవ్ కుమార్ తన భార్యకు క్యాన్సర్ అని చెప్పి సెక్రటరీ జాలి కొట్టేస్తాడు. నిక్షేపంలా ఉన్న మనిషిని మాటల్లోనే చంపేయడం అక్కడ జోకు. అయితే భార్య విద్యా సిన్హా ఏడుస్తూ కూర్చోదు. జేబురుమాలు మీద లిప్‌స్టిక్ మరక చూసి, ఆరా తీసి, సెక్రటరీ దగ్గరికే వెళ్తుంది. ఇద్దరి మధ్యా మాట కలిశాక అబద్ధం నిలబడలేదు. సినిమాలో నాకు నచ్చింది ఆ భాగమే. చివరికి మాత్రం సర్దుకుపోవాల్సింది ఆవిడే. ఆఫీసుకు కొత్త సెక్రటరీగా పర్వీన్ బాబీ రాగానే ఈయనగారి చూపు మళ్లీ అటే!