తిరిగొచ్చిన కవరు పారెయ్యకు

చిరంజీవికి ఆశీస్సులు.

అమెరికా ఫెడరల్ (కేంద్ర ప్రభుత్వ) జైలుకు పంపిన నీ పత్రిక తిరిగొచ్చిందనీ, దాని మీద ఘాటుగా ఒక వ్యాసం రాయాలనుందనీ అన్నావు. రాద్దువుగాని. ముందు రాయవలసింది అప్పీలు. వ్యాసానికి గడువు లేదు, అప్పీలుకు ఉంది: తిరస్కరణ లేఖ చేతికందిన 20 రోజుల్లోగా జైళ్ల బ్యూరో రీజనల్ డైరెక్టర్‌కు రాయాలి. ఆ కవరు పారెయ్యకు. దాని మీది ముద్ర, తేదీ, ఎవరో చేత్తో రాసిన రెండు ముక్కల కారణం, అన్నీ సాక్ష్యమే. ఫొటోలు తీసి, అందిన రోజు రాసి పెట్టుకో.

లేఖ లేకుండా కవరు మాత్రమే వచ్చిందంటే అదే నీ మొదటి అభ్యంతరం. ఖైదీకి కారణాలు రాసివ్వాలనీ, ఏ రచన మీద అభ్యంతరమో చెప్పాలనీ, ఆ లేఖ ప్రతిని ప్రచురణకర్తకూ పంపాలనీ వాళ్ల నిబంధనల్లోనే ఉంది. ఇంకో సంగతి గమనించు. తాను అప్పీలుకు వెళ్తానని ఖైదీ చెబితే పత్రికను జైల్లోనే ఉంచాలి, తిప్పి పంపకూడదు. నీ ప్రతి వెనక్కి వచ్చిందంటే బహుశా ఆ మాట చెప్పాలని అతనికి తెలియదు, లేదా చెప్పే వీలు దొరకలేదు. విడిగా ఒక మామూలు ఉత్తరం రాసి అతన్నే అడుగు.

ఇప్పుడు కారణం చూడు. అడ్డు చెప్పింది రాతకా, పంపిన పద్ధతికా? గట్టి అట్ట పుస్తకాలూ వార్తాపత్రికలూ ఏ ఫెడరల్ జైలుకైనా ప్రచురణకర్త, పుస్తకాల షాపు, బుక్ క్లబ్బుల నుంచే రావాలి. మీడియం, హై సెక్యూరిటీ జైళ్లలో మెత్తటి అట్టవాటికీ అదే నియమం. స్నేహితురాలి ఇంటి చిరునామాతో పంపితే ఎంత మంచి సంచికైనా ఆగుతుంది. గట్టి అట్ట పుస్తకాల నియమాన్ని అమెరికా సుప్రీంకోర్టు 1979లోనే సమర్థించింది. అక్కడ పోట్లాడి బలం పోగొట్టుకోకు. పత్రిక పేరూ చిరునామా అచ్చువేసిన కవరులో, ఖైదీ నంబరు సరిచూసి, మళ్లీ పంపు.

రాతకే అడ్డు చెప్పి ఉంటే అసలు పని అప్పుడు మొదలవుతుంది. కొత్త రచయితలు ఇక్కడే తప్పు చేస్తారు. భావ స్వేచ్ఛ గురించి మూడు పేజీలు రాస్తారు. అది ఎవరినీ కదిలించదు. బయటినుంచి జైలుకు వచ్చే ప్రచురణల విషయంలో కోర్టులు అధికారుల మాటకు చాలా విలువిస్తాయని 1989 నాటి థార్న్‌బర్గ్ వర్సెస్ అబాట్ తీర్పు తేల్చేసింది. కోర్టు అడిగేవి 1987 టర్నర్ కేసులో చెప్పిన నాలుగు ప్రశ్నలు: నిషేధానికీ భద్రతకూ సహేతుకమైన సంబంధం ఉందా, ఖైదీకి ఆ హక్కు వాడుకునే మరో దారి మిగిలిందా, అనుమతిస్తే సిబ్బంది మీదా తోటి ఖైదీల మీదా ఎంత భారం పడుతుంది, తేలికైన వేరే ఉపాయం ఉందా. నీ అప్పీలు వీటికి జవాబులా ఉండాలి.

పేజీ నంబరుతో మొదలుపెట్టు. ‘14వ పేజీ కవితలో జైలు గొడవ ప్రస్తావన ఉంది, గొడవకు పిలుపు లేదు’ అని రాసి, ఆ చరణాలు అక్కడే ఎత్తి చూపు. ఆయుధాల తయారీ, తప్పించుకునే పద్ధతులు, సారా కాచడం, సంకేత భాష, హింసను రేపే రాత: నిబంధనలు పేర్కొన్న కారణాలు ఇలాంటివి. నీ పేజీ వీటిలో దేని కిందికీ రాదని ఒక్కోదానికీ జవాబు చెప్పు. కేవలం రాజకీయమైనదనో, మతపరమైనదనో, మింగుడుపడదనో తిరస్కరించకూడదన్న వాక్యం కూడా ఆ నిబంధనల్లోనే ఉంది. దాన్ని మక్కికి మక్కి ఎత్తిరాయి. అదే జైలు లైబ్రరీలో ఇంతకన్నా తీవ్రమైన వర్ణనలున్న పుస్తకం ఉంటే దాని పేరు చెప్పు. ఇలాంటి పోలిక ఉపన్యాసం కన్నా బరువైనది.

సాక్ష్యం లేకపోతే ఏమవుతుందో 2006లో బియర్డ్ వర్సెస్ బ్యాంక్స్‌లో తెలిసింది. పెన్సిల్వేనియాలో ఏకాంత విభాగం ఖైదీలకు వార్తాపత్రికలూ మేగజైన్లూ ఆపేశారు. జైలు అధికారి ఇచ్చిన వివరణను వాస్తవాలతో ఖండించలేకపోవడం ఖైదీని ఓడించింది.

ఒక్క పేజీ మీద అభ్యంతరం ఉన్నా సంచిక మొత్తాన్ని ఆపవచ్చునని 1989 తీర్పే ఒప్పుకుంది. కాబట్టి ఎడిటింగ్ బల్ల మీదే జాగ్రత్తపడు. జైలు గదుల ప్లాను గీసిన బొమ్మ కథకు అవసరమా? నీది తెలుగు, ఇంగ్లీషు రెండూ ఉన్న పత్రిక. తెలుగు సంకేత భాష కాదు, నిజమే. కానీ మెయిల్‌రూమ్‌లో కూర్చున్నవాడికి చదవడం రాదు. ప్రతి తెలుగు కవితకూ ఎదుటి పేజీలో అనువాదం వెయ్యి. దీన్ని రాజీ అనుకోకు, సాకు దొరక్కుండా చెయ్యడం అది.

ఖైదీ దారి నీ దారి కన్నా ఇరుకు. ఖైదీల దావాల మీద వచ్చిన 1996 చట్టం ప్రకారం అతను జైలు ఫిర్యాదు మెట్లన్నీ ఎక్కాకే కోర్టుకెళ్లాలి. ఘటన జరిగిన 20 రోజుల్లోగా జైలు అధిపతి వార్డెన్‌కు, వార్డెన్ జవాబు మీద సంతకం చేసిన తేదీ నుంచి 20 రోజుల్లో రీజనల్ డైరెక్టర్‌కు, ఆయన సంతకం చేసిన తేదీ నుంచి 30 రోజుల్లో బ్యూరో న్యాయాధికారి జనరల్ కౌన్సెల్‌కు. ఒక్క గడువు తప్పినా కేసు పోవచ్చు. ప్రచురణకర్తవు గనక ఆ చట్టపు షరతు నీకు వర్తించదు. రాష్ట్ర జైలైతే సెక్షన్ 1983 (అది సెక్షన్ నంబరు, ఏడాది కాదు; హక్కులు కాలరాసిన రాష్ట్ర అధికారుల మీద దావాకు వీలిచ్చేది) కింద నేరుగా దావా వెయ్యవచ్చు. ఫెడరల్ జైలుకు ఆ సెక్షన్ పనికిరాదు, లాయర్ను అడిగి వేరే దారి చూసుకోవాలి.

దావా దాకా వెళ్లకుండానే గెలిచినవీ ఉన్నాయి. న్యూజెర్సీలో రెండు జైళ్లు నల్లజాతివారి ఖైదు మీద వచ్చిన పేరున్న పుస్తకాన్ని నిషేధ జాబితాలో పెట్టాయి. అమెరికన్ సివిల్ లిబర్టీస్ యూనియన్ రాష్ట్ర శాఖ ఆ జాబితాలను సమాచార హక్కు దరఖాస్తుతో బయటికి తీసి, 2018 జనవరిలో ఒక లేఖ రాసింది. నిషేధం ఎత్తేశారు.

వ్యాసం రాసేటప్పుడు ఒక మాట గుర్తుంచుకో. ఖైదీకి హక్కులు పూర్తిగా పోవని 1974లో మన సుప్రీంకోర్టు చెప్పింది విశాఖపట్నం సెంట్రల్ జైలు ఖైదీల కేసులోనే. అమెరికాలో ఖైదీల ఉత్తరాల మీద సెన్సార్‌షిప్‌కు కళ్లెం వేసిన మార్టినెజ్ తీర్పూ అదే ఏడాదిది. మన పాఠకుడికి అక్కణ్నుంచి దారి చూపించు.

అప్పీలు రెండు పేజీలు దాటనివ్వకు. తిరస్కరణ లేఖ నకలు, అభ్యంతరం చెప్పిన పేజీ నకలు జతచేసి, సర్టిఫైడ్ మెయిల్‌లో రిటర్న్ రసీదు కోరుతూ పంపు. ఇంకో నకలు ఖైదీకి వెయ్యి. అతని 20 రోజులు ఇప్పటికే నడుస్తున్నాయి.